తలుపు దగ్గర నిలబడ్డ రాణి: క్లైటెమ్నెస్ట్రా పాత్రపై ఒక దర్శకత్వ కేస్ స్టడీ

గ్రీకు విషాద నాటకం 'అగమెమ్నాన్' మొదటి పూర్తి రిహార్సల్‌కు, కథ తెలియని కొద్దిమందిని పిలిచి కూర్చోబెట్టాం. అయిపోయాక వాళ్లను ఒకే ప్రశ్న అడిగాను: "ఈమె భర్తను చంపబోతోందని మీకు ఎప్పుడు తెలిసింది?" దాదాపు అందరిదీ ఒకే జవాబు. ఆమె వేదిక మీదికి రాగానే తెలిసిపోయిందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత్రధారిణి బాగా చేసింది. గొంతు పలికింది, నడకలో బిగువు ఉంది, కళ్లు నిప్పులు కురిశాయి. తప్పు నాది. నేను ఆమె చేతికి ఒక హంతకురాలి పాత్రను ఇచ్చాను. ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాసింది ఒక పరిపాలకురాలి పాత్రను. ఆ రెండింటి మధ్య దూరాన్ని తర్వాతి ఆరు వారాల్లో ఎలా దాటామో ఇక్కడ రాస్తున్నాను. ఈ నాటకాన్నో, ఇలాంటి పాత్రనో ఎత్తుకునేవాళ్లకు మా తడబాట్లు కూడా పనికొస్తాయని నా నమ్మకం.

'అగమెమ్నాన్' మొదటిసారి క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో, డయొనైసస్ దేవుడి వసంతోత్సవంలో ప్రదర్శితమైంది. 'ఓరెస్టియా' అనే మూడు విషాద నాటకాల వరసలో ఇది మొదటిది. ఆ ఏటి పోటీలో మొదటి బహుమతి ఈ వరసకే దక్కింది. నాటకానికి పేరు రాజుదే అయినా, 1673 పంక్తుల్లో అతను మనకు కనబడి మాట్లాడేది ఒక్క సన్నివేశంలోనే. ఆ తర్వాత లోపలి నుంచి రెండు చావుకేకలు, అంతే. మిగతా నాటకమంతా అతని భార్య చేతిలో ఉంది.

కథ క్లుప్తంగా చెబుతాను. ట్రాయ్ మీదికి దండెత్తిన గ్రీకు నౌకలు ఆలిస్ రేవులో ఎదురుగాలికి చిక్కి కదలవు. గాలి తిరగడానికి సేనాపతి అగమెమ్నాన్ తన కూతురు ఇఫిజెనియాను బలి ఇస్తాడు. పదేళ్లు యుద్ధం చేసి, గెలిచి, ట్రాయ్ రాకుమారి కసాండ్రాను బందీగా వెంటబెట్టుకుని ఆర్గోస్‌కు తిరిగివస్తాడు. ఈ పదేళ్లూ రాజ్యాన్ని నడిపిన క్లైటెమ్నెస్ట్రా అతన్ని స్వాగతించి, స్నానశాలలో వలలాంటి వస్త్రంలో చుట్టి చంపుతుంది. అతని దాయాది ఏజిస్తస్ ఆమెకు ప్రియుడు.

ఇక్కడ ఒక సంగతి మా పనికి పునాది అయింది. హోమర్ ప్రాచీన కావ్యం 'ఒడిస్సీ'లో ఈ హత్య ప్రధానంగా ఏజిస్తస్ పని. విందుకు పిలిచి చంపుతాడు. ఆమె అందులో భాగస్వామి, కసాండ్రాను చంపుతుంది, అంతవరకే. ఈస్కిలస్ ఆ ఆయుధాన్ని ప్రియుడి చేతిలోంచి తీసి భార్య చేతిలో పెట్టాడు. ఏజిస్తస్‌ను చివరి వంద పంక్తుల దాకా వేదిక మీదికే రానివ్వలేదు. అంటే ఆమె శక్తి ఈస్కిలస్‌కు కథతో పాటు వచ్చిపడింది కాదు, కోరి కట్టుకున్నది. స్త్రీకి ఓటు లేని, న్యాయస్థానంలో తన తరఫున తాను మాట్లాడే వీలులేని, ప్రతి స్త్రీకీ ఒక పురుష సంరక్షకుడు ఉండితీరాల్సిన ఏథెన్స్‌లో, ముసుగు కట్టుకున్న ఒక మగ నటుడి చేత ఇంత పెద్ద స్త్రీపాత్రను నిలబెట్టాడు. ఆ సాహసాన్ని మేము ఒక జత ఎర్రటి కళ్లుగా కుదించేశాం.

మాట్లాడని ప్రవేశం

దిద్దుబాటు మొదలుపెట్టింది ఆమె మాట్లాడని చోట నుంచి.

నాటకం ఆరంభంలో వృద్ధుల కోరస్, అంటే కలిసి పాడే ఊరి పెద్దల బృందం, ప్రవేశించి, కొంతసేపటికి రాణిని ఉద్దేశించి అడుగుతుంది: ఏ వార్త విన్నావు, ఊరంతా బలిపీఠాల మీద మంటలెందుకు? జవాబు రాదు. ఆమె పెదవి విప్పేది 264వ పంక్తిలో. మధ్యలో కోరస్ సుదీర్ఘమైన పాట పాడుతుంది. ఆ పాటలోనే ఆలిస్ కథ మొత్తం వస్తుంది. ప్రశ్న అడిగినప్పుడు ఆమె వేదిక మీద ఉందా, లేక పాట అయ్యాకే వస్తుందా అన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మొదట మేము రెండోదే పాటించాం. పాట తర్వాత ఒక్కసారిగా తలుపు తెరుచుకుని రాణి ప్రవేశిస్తే ఠీవిగా ఉంటుందనుకున్నాం.

రెండో విడతలో ఆమెను ప్రశ్న దగ్గరే తీసుకొచ్చాం. వస్తుంది. ప్రశ్న వింటుంది. జవాబు చెప్పకుండా పీఠం మీద దీపాలు వెలిగించుకుంటూ ఉంటుంది. వెనుక ముసలివాళ్లు పాడుతుంటారు: శపించకుండా పిల్ల నోరు కట్టేశారని, కుంకుమపువ్వు రంగు వస్త్రం నేల మీదికి జారిందని, చంపబోయేవాళ్లందరి మీదా ఆ పిల్ల చూపులు జాలి బాణాల్లా తగిలాయని, ఒకప్పుడు తండ్రి విందుల్లో ఆమే పాడేదని. కత్తి ఎత్తే చోటికి వచ్చి పాట ఆగిపోతుంది. ఆ తర్వాతిది నేను చూడలేదు, చెప్పను అంటుంది కోరస్.

పాత్రధారిణికి నేనిచ్చిన సూచన ఒకటే: "ప్రేక్షకుల వైపు తిరగొద్దు. దీపాలు లెక్కపెట్టండి." ఆమె నిజంగానే లెక్కపెట్టింది. నోరు కట్టేశారన్న మాట దగ్గర చేతిలోని వత్తి ఒక్క క్షణం ఆగింది. నేను చెప్పింది కాదది, తనంతట వచ్చింది. ఆ క్షణాన్ని ప్రతి ప్రదర్శనలోనూ కాపాడుకోవడానికి ఇద్దరం చాలా కష్టపడ్డాం. ఒక తల్లి వీపు చూస్తూ ఆమె బిడ్డ చావు గురించి వినడంలో ఉన్న బరువు, ఏ సంభాషణా ఇవ్వలేనిది. ఆమె ఎవరో, ఆమెకు ఏం జరిగిందో ప్రేక్షకుడికి ముందే తెలిసింది. ఏం చేయబోతోందో మాత్రం తెలియలేదు.

కొండల మీద మంటలు

రాణి నోటి నుంచి వచ్చే మొదటి పెద్ద ప్రసంగం మంటల సంకేతాల గురించి. ట్రాయ్ నిన్న రాత్రే పడిపోయిందంటే కోరస్ నమ్మదు. కల వచ్చిందా, గాలివార్తా అని అడుగుతుంది. నన్ను చిన్నపిల్లను చేసి మాట్లాడుతున్నారా అని ఆమె అడ్డుకుని, మంట ప్రయాణాన్ని వరుసగా చెబుతుంది. ఇడా పర్వతం, లెమ్నోస్ ద్వీపం, ఏథోస్, మకిస్టోస్, మెసాపియాన్, కితైరాన్, ఈజిప్లాంక్టస్, చివరికి ఆర్గోస్ పొరుగున అరఖ్నయాన్. ఎనిమిది చోట్లు.

చదివినప్పుడు ఇది పేర్ల జాబితాలా అనిపిస్తుంది. చాలామంది దర్శకులు కత్తిరించేది ఇక్కడే. నేనూ సగం కోసేశాను. తర్వాత అర్థమైంది, ఆమె అధికారానికి సాక్ష్యమే ఈ జాబితా అని. ఏజియన్ సముద్రం అటు నుంచి ఇటు దాకా ప్రతి కొండ మీదా ఆమె మనుషులు మేలుకుని ఉన్నారు. ఏ కొండకు ఏ కట్టె వాడారో కూడా తెలిసిన మనిషి మాటలవి. కోసిన పంక్తులన్నీ తిరిగి చేర్చాం. రిహార్సల్ గదిలో నేల మీద సుద్దముక్కతో పటం గీసి, ఒక్కో శిఖరానికి ఒక్కో రాయి పెట్టి, ఆమె నడుస్తూ పంక్తులు వల్లించేలా చేశాం. వారం గడిచేసరికి పటం అక్కర్లేకపోయింది. వేదిక మీద ఆమె కదలకుండా నిలబడి చెబుతున్నా, చూపు ఒక్కో కొండ దగ్గర ఆగుతూ దగ్గరికి వచ్చేది.

దాని వెంటనే ట్రాయ్‌లో ఈ వేళ ఏం జరుగుతోందో కళ్లతో చూసినట్టు వర్ణిస్తుంది. గెలిచినవాళ్ల కేకలూ ఓడినవాళ్ల ఏడుపులూ ఒకే పాత్రలో పోసిన నూనె, పులికాడిలా కలవకుండా విడివిడిగా వినిపిస్తాయంటుంది. సేనాపతులెవరూ వాడని ఉపమానం. విని కోరస్ మెచ్చుకుంటుంది: స్త్రీవై ఉండి వివేకం గల పురుషుడిలా మాట్లాడావు అని. నాటకం తొలి మాటల్లో కావలివాడు అన్నదీ ఇదే. పురుషుడిలా ఆలోచించే ఒక స్త్రీ హృదయం ఇక్కడ ఏలుతోందట. ఈ మెప్పులో ఉన్న కొలబద్దను పాత్రధారిణి గుర్తుపట్టింది. "ఈ మాట విని నేను నవ్వాలా?" అని అడిగింది. వద్దన్నాను. ఆమె ఆ మెప్పును స్వీకరించదు, తిప్పికొట్టదు. వినీ విననట్టు ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం మా ప్రదర్శనలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఒకటి.

మీరు, నువ్వు, ఇతను

తెలుగు పాఠం మేమే తయారుచేసుకున్నాం. గ్రీకు చదువుకున్న ఒక మిత్రుడు పంక్తి పంక్తికీ అర్థం చెబుతుంటే రాసుకుంటూ వెళ్లాం. అక్కడ మాకు ఎదురైన అసలు సమస్య సంబోధన. ప్రాచీన గ్రీకులో ఎదుట ఉన్న ఒక్క మనిషిని పిలవడానికి ఒకే సర్వనామం. దాసుడైనా రాజైనా అదే. తెలుగులో నువ్వు, మీరు అన్న ఎంపిక తప్పదు, ఆ ఎంపికతోనే బంధం బయటపడిపోతుంది.

తొలి పాఠంలో ఆమె మొగుణ్ని నువ్వు అనేది. బలవంతురాలైన స్త్రీ అంటే అలాగే మాట్లాడుతుందని తొందరపడి తేల్చేశాం. దానివల్ల స్వాగత సన్నివేశం మొత్తం తేలిపోయింది. రెండో పాఠంలో మీరు అనిపించాం. గౌరవం ఎంత నిండుగా ఉంటే మోసం అంత లోతుగా దాగింది.

ఇంకో విశేషం గమనించండి. పదేళ్ల తర్వాత భర్త ఎదుట నిలబడితే ఆమె మొదట పలకరించేది అతన్ని కాదు, ఊరి పెద్దలను. మీ ముందు నా ప్రేమను చెప్పుకోవడానికి సిగ్గుపడను అంటూ, అతను వింటుండగా, తన ఒంటరితనాన్ని వాళ్లకు చెబుతుంది. తెలుగులో అది ఆయన అన్న మాటతో ఎంతో సహజంగా కుదిరింది. నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషిని ఆయన అంటూ ఊరికి వినిపించడం. అతను ఆ సేపంతా రథం మీద నిలబడి తన సంగతి తానే వినాలి.

ఆ ప్రసంగంలోనే మమ్మల్ని రెండు రోజులు కూర్చోబెట్టిన వాక్యం ఒకటుంది. మన బిడ్డ ఇక్కడ మన పక్కన లేకపోవడానికి కారణం ఇదీ అంటూ మొదలుపెట్టి, పేరు చెప్పడానికి ఆలస్యం చేస్తుంది. వినేవాడికి ఇఫిజెనియా గుర్తుకొస్తుంది. అగమెమ్నాన్‌కూ గుర్తుకొచ్చి ఉండాలి. తర్వాత వస్తుంది పేరు: ఓరెస్టీస్. కొడుకును దూరంగా స్నేహితుల ఇంటికి పంపిందట. గ్రీకు పదక్రమం ఈ ఆలస్యాన్ని తేలిగ్గా మోస్తుంది. తెలుగులో క్రియ దగ్గర చిక్కు వచ్చింది. లేడు అంటే కొడుకని ముందే తెలిసిపోతుంది. లేదు అంటే కూతురని ఖాయమై, తర్వాత కొడుకు పేరు వస్తే తప్పు వాక్యమవుతుంది. చివరికి దొరికిన వాక్యం ఇది: "మన బిడ్డ ఈ వేళ మన పక్కన నిలబడి ఉండవలసింది. మన ఇద్దరి ప్రమాణాలకూ గుర్తుగా ఉండవలసింది... ఓరెస్టీస్." ఉండవలసింది అన్న రూపం ఆడకూ మగకూ ఒకటే. బిడ్డ అన్న మాటా అంతే. ఆ మూడు చుక్కల దగ్గర మా అగమెమ్నాన్ తల దించుకునేవాడు. పేరు విన్నాక ఎత్తేవాడు. మా భాష మాకు చేసిన ఈ సాయానికి నేను ఇప్పటికీ పొంగిపోతాను.

ఎర్రని వస్త్రాలు

అందరూ ఎదురుచూసే సన్నివేశం ఇది. రథం నుంచి గుమ్మం దాకా దాసీలు ఎర్రని వస్త్రాలు పరుస్తారు. సముద్రపు నత్తల నుంచి తీసే రంగు అది, వెండితో సమానమైన విలువ అని ఆమే అంటుంది. దేవతలకు తగిన మర్యాద. మనిషి కాళ్లతో తొక్కితే దైవానికి కంటగింపు. అగమెమ్నాన్‌కు ఆ సంగతి తెలుసు. నన్ను మనిషిగా గౌరవించు, దేవుడిగా కాదు అంటాడు. తొక్కనంటాడు. పదమూడు పంక్తుల వాదన తర్వాత పాదరక్షలు విప్పించుకుని తొక్కుతాడు.

ఎందుకు లొంగాడు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఈ సన్నివేశం నడవదు. మొదటి విడతలో మేము దీన్ని సరసంగా నడిపాం. ఆమె చేయి పట్టుకుని, నవ్వి, లాలించి దింపేది. పాఠాన్ని మళ్లీ చదివితే లాలన ఎక్కడా లేదు, వాదనే ఉంది. ట్రాయ్ రాజు ప్రయామ్ గెలిచి ఉంటే ఏం చేసేవాడు అని అడుగుతుంది. తొక్కేవాడే అంటాడు. జనం నింద గురించి భయమెందుకు అంటుంది. జనవాక్యం బలమైనది అంటాడు. అసూయపడదగనివాడు మెచ్చదగినవాడూ కాడు అంటుంది. పోరు కోరడం ఆడదానికి తగదంటాడు. అదృష్టవంతులకు ఓడిపోవడమూ అందమే అంటుంది. ఈ పోటీలో గెలుపు నీకంత ముఖ్యమా అని అడుగుతాడు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఆ ప్రశ్న అడిగిన క్షణానే అతను ఓడిపోయాడు. దైవభయం నుంచి మొదలైన మాట, భార్యతో పంతం దగ్గరికి జారింది. పంతంలో ఉదారంగా ఓడటం గొప్పగా కనిపిస్తుంది.

ఆఖరి పంక్తిలో ఆమె అనేది: ఒప్పుకో, ఇష్టపడి వదులుకుంటే అధికారం నీదే. ఒప్పుకోండి అనిపించి చూశాం, భార్య వేడుకోలులా ఉంది. ఒక రిహార్సల్‌లో, అనుకోకుండా, పాత్రధారిణి గొంతు తగ్గించి "ఒప్పుకో" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి ఒక్క మాటలో నువ్వు లోకి దిగింది. గదిలో అందరం తలెత్తి చూశాం. పదేళ్ల కిందటి పడకగది ఆ ఒక్క క్రియలో వినిపించింది. అది అలాగే ఉంచేశాం. ఆ వెంటనే మళ్లీ మీరు.

సాంకేతికంగా గుడ్డ మమ్మల్ని చాలా ఏడిపించింది. పట్టు జారిపోయేది, నూలు ముడతపడి నడిచేవాడి కాళ్లకు చుట్టుకునేది. చివరికి బరువైన ముతక గుడ్డకు రంగు వేయించి, గుమ్మం వైపు నుంచి రథం వైపుకు పరిచాం. రెండు దిశల్లోనూ పరిచి చూశాక తెలిసింది ఇది. రథం నుంచి లోపలికి పరిస్తే స్వాగతపు దారిలా ఉంది. లోపలి నుంచి బయటికి దొర్లిస్తే ఇంట్లోంచి నెత్తురు పారుతున్నట్టుంది. అతను నడుస్తున్నంతసేపూ ఆమె అంటుంది: సముద్రం ఉంది కదా, దాన్ని ఎవరు ఎండగట్టగలరు? ఆ ప్రసంగాన్ని పాదాలు చూడకుండా, పెద్దల ముఖాలు చూస్తూ చెప్పమన్నాను. వాళ్లు సాక్షులు, వాళ్ల కళ్ల ముందే అతను తొక్కుతున్నాడు. రాజు లోపలికి వెళ్లాక, నా ప్రార్థన నెరవేర్చు అని దేవతల రాజు జ్యూస్‌ను కోరుతుంది. ఆ ప్రార్థన ఏమిటో చెప్పదు.

తలుపు గురించి ఇక్కడే చెప్పాలి. మా వేదిక మీద ఉన్న ఒకే ఒక్క కట్టడం ఆ గుమ్మం. ఆమె పక్కకు తప్పుకోకుండా ఎవరూ గడప దాటకూడదని నియమం పెట్టుకున్నాం. అంతకుముందు వచ్చిన వార్తాహరుణ్ని ఆమె లోపలికి రానివ్వకుండా గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది, భర్తకు చెప్పమని ఒక సందేశం ఇచ్చి: పరపురుషుడి పొందు నాకు ఎంత తెలుసో, కంచును రంగులో ముంచడమూ అంతే తెలుసు. ఈ ఒక్క నియమం, నటీనటులకు నేను గంటలు గంటలు చెప్పలేని సంగతిని చెప్పింది.

ఓడిన ఒక్క చోటు

కసాండ్రా రథం మీదే ఉండిపోయింది. క్లైటెమ్నెస్ట్రా తిరిగి వచ్చి లోపలికి రమ్మంటుంది. ఆమె పలకదు. మళ్లీ అడుగుతుంది. పలకదు. భాష రాదేమో, చేత్తో సైగ చేయి అంటుంది. కదలదు. ఇక మాటలు వృథా చేసుకోను అని రాణి వెళ్లిపోతుంది. సమయం సరిపోదని మొదట దీన్ని సగానికి తగ్గించాం. తిరిగి పూర్తిగా పెట్టాక నాటకానికి ఊపిరి వచ్చింది. కొండలనూ, పెద్దలనూ, ట్రాయ్‌ను గెలిచినవాణ్నీ మాటతో కదిలించిన మనిషికి, మౌనం ముందు దారి లేదు. కసాండ్రా తర్వాత తనంతట తాను, లోపల ఏముందో పూర్తిగా తెలిసే, ఆ గడప దాటుతుంది. అదొక్కటే రాణి అనుమతి లేకుండా జరిగే ప్రవేశం. మా నియమాన్ని అక్కడ కావాలనే వదిలేశాం. గుమ్మంలో ఎవరూ లేరు.

చేసింది చెప్పడం

రెండు కేకలు. పన్నెండు మంది ముసలివాళ్లు తలా రెండు పంక్తులు తర్జనభర్జన పడతారు, ఎవరూ కదలరు. తలుపులు తెరుచుకుంటాయి. రెండు శవాలు, పక్కన ఆమె.

ఇంతకుముందు సమయానికి తగ్గట్టు ఎన్నో అన్నాను, ఇప్పుడు వాటికి విరుద్ధంగా చెప్పడానికి సిగ్గుపడను అంటూ మొదలుపెడుతుంది. కొట్టిన చోటే నిలబడ్డాను అంటుంది. రెండుసార్లు కొట్టానని, పడిపోయాక మూడోది పాతాళపు జ్యూస్‌కు కానుకగా ఇచ్చానని లెక్క చెబుతుంది. చిమ్మిన నెత్తుటి చుక్కలు మీద పడితే, మొగ్గతొడిగే పైరు వానకు మురిసినట్టు మురిశానంటుంది.

మొదట ఇదంతా అరుపుగా చేశాం. అరిచేకొద్దీ ఆమె చిన్నదైపోయింది. ఆయుధం కత్తా, గొడ్డలా అన్న చర్చలో కూడా మేము మూడు రోజులు పోగొట్టుకున్నాం. చివరికి ఆమె చేతిలో ఏదీ పెట్టలేదు. ఖాళీ కుడిచేయి చాలు, ఎందుకంటే ఆమె చూపించేది దాన్నే. ప్రసంగాన్ని ఇంటిపని పూర్తిచేసిన మనిషి వివరం చెప్పినంత మామూలుగా చెప్పమన్నాను. వానా పైరూ దగ్గర మాత్రం ముఖం పైకెత్తమన్నాను. ఆ ఒక్క చోట ఆనందం. నాటకం మొత్తం మీద ఆమెకు దక్కిన ఒకే ఒక్క నిజమైన ఆనందం.

ఆ తర్వాత వచ్చే వాక్యం దగ్గర మళ్లీ సర్వనామం. వీడు అని రాసి చూశాం. కసి ఉంది, స్థాయి పోయింది. నిలిచిన పాఠం: "ఇతను అగమెమ్నాన్. నా భర్త. శవం. ఈ కుడిచేతి పని, న్యాయమైన పనివాడి పని. సంగతి ఇదీ." మధ్యలో ఊపిరి తీసుకునేంత విరామాలు. పేరు, బంధుత్వం, ఆ పైన ఈ రెండూ లేని స్థితి.

కూతురి మాట ఆమె నోట బహిరంగంగా వచ్చేది ఇప్పుడే. మందలో గొర్రెపిల్లలా తన బిడ్డను, నా పురిటినొప్పుల పంటను, గాలుల కోసం కోశాడు, అప్పుడు ఇతన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారా అని పెద్దలను నిలదీస్తుంది. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. మొదటి పాటలో ఆలిస్ గురించి పాడిందీ వాళ్లే. ఆ పాట పాడుతున్నప్పుడు ఆమె దీపాలు వెలిగిస్తూ అక్కడే ఉందని ప్రేక్షకులకు గుర్తుంది. రెండు చివరలూ కలిసింది అక్కడ.

అయితే ఆమెను ఇక్కడ న్యాయదేవతగా నిలబెట్టి తెర దించడం కూడా అబద్ధమే. మా రెండో తప్పు అది, కొంతకాలం చేశాం కూడా. పాఠం అలా ఆగదు. నేనే చేశానన్న మనిషి, కాసేపటికి, నన్ను అగమెమ్నాన్ భార్య అనకండి, ఈ వంశాన్ని పట్టిన పాత పిశాచం నా రూపంలో పగ తీర్చుకుంది అంటుంది. ఇంకాసేపటికి ఆ పిశాచంతోనే బేరం: ఈ ఇల్లు వదిలిపో, ఉన్నదాంట్లో కొద్దిపాటితో సరిపెట్టుకుంటాను. నేరం చేయని కసాండ్రా శవం పక్కనే ఉంది, దాని గురించి ఆమె మాటల్లో చులకన ఉంది. ఈ జారుడును పాత్రధారిణి మొదట ఒప్పుకోలేదు. "ఇంత చేసి ఇప్పుడు వెనక్కి తగ్గుతుందా?" అంది. నాకూ తేలిగ్గా మింగుడుపడలేదు. మేము కుదుర్చుకున్నది ఏమిటంటే, ఆమె పశ్చాత్తాపపడటం లేదు, అలసిపోతోంది. పదేళ్లుగా ఒక్క పని కోసం బిగించిన మనసు, పని అయిపోయాక వదులవుతోంది. పాత్రధారిణి అప్పటిదాకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. బేరం మాటల దగ్గర గడప మీద కూర్చుంది.

అప్పుడు వస్తాడు ఏజిస్తస్, అంగరక్షకులతో, పథకమంతా నాదే అంటూ. నువ్వెందుకు చంపలేదని కోరస్ ఎగతాళి చేస్తుంది. అతన్ని ఆడదానా అని తిడుతుంది. ఆమెను మెచ్చుకోవడానికి మగవాడిలా అన్నవాళ్లే. కత్తులు దూసుకునే వేళ ఆమె లేచి ఆపుతుంది, ఇక చాలినంత నెత్తురు పారింది, ఇది ఒక ఆడదాని మాట, వినేవాడుంటే వినండి అని.

రెండో పరీక్షా ప్రదర్శనకు వేరే మనుషులను పిలిచి అదే ప్రశ్న అడిగాను. జవాబులు చెదిరిపోయాయి. జ్యూస్ ప్రార్థన దగ్గర అన్నారు కొందరు. బిడ్డ ఉండవలసింది అన్నప్పుడు అనుమానం వచ్చిందన్నారు ఇద్దరు. కేక వినబడేదాకా నమ్మలేదన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఇంతకన్నా అక్కర్లేదు.

మా పనికి ఒక పరిమితి ఉంది. మేము ఆడింది మొదటి నాటకం ఒక్కటే. తర్వాతి దానిలో కొడుకు ఆమెను చంపుతాడు. మూడో దానిలో ఏథెన్స్ న్యాయస్థానంలో, తల్లి అసలు జన్మనిచ్చేదే కాదు, తండ్రి బీజాన్ని పెంచేదే అని అపోలో వాదిస్తాడు. ఓట్లు సమానమై, అథీనా మొగ్గుతో కొడుకు విడుదలవుతాడు. ఇంత పెద్ద శక్తిని నిలబెట్టిన కవి, దాన్ని దించడానికి మరో రెండు నాటకాలు, ఇద్దరు దేవతలు, ఒక న్యాయస్థానం వాడాడు. మూడూ ఒకే రోజు ఆడితే మా క్లైటెమ్నెస్ట్రాలో ఏది నిలిచేదో, ఏది మార్చాల్సి వచ్చేదో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

చివరి పంక్తి గురించి చెప్పి ఆపుతాను. మొరుగుళ్లను పట్టించుకోకు, నేనూ నువ్వూ ఈ ఇంటిని ఏలి చక్కబెడదాం అని ఏజిస్తస్‌తో అంటుంది. గ్రీకులో కావలివాడి మొదటి మాటల్లో ఆమెకు వాడిన శాసించడమనే మాటే ఇక్కడ మళ్లీ వస్తుందని మిత్రుడు చెప్పాడు. అందుకే తెలుగులో రెండు చోట్లా ఏలడమే వాడాం. ఆ మాట అన్నాక తలుపు మూసుకోవాలని నేను, తెరిచే ఉండాలని పాత్రధారిణి, చాలాసేపు వాదించుకున్నాం. ఏజిస్తస్ ముందు లోపలికి వెళ్లాడు. ఆమె గుమ్మంలో ఆగి, ఎర్రగుడ్డ పరిచిన చోటు వైపు ఒకసారి చూసి, వెళ్లింది. తలుపు తెరిచే ఉంచాం. అది మూయడానికి ఇంట్లో ఇంకెవరూ లేరని ఆమె అంది.